వంద స్లాట్ల పార్కింగ్‌లో దివ్యాంగులకు ఎన్ని వదలాలి?

కొత్తప్లాన్:
దుకాణాలు, ఆఫీసులు కలిసిన భవనానికి పార్కింగ్ ప్లాన్ గీస్తున్నాం. ముందు 40 స్లాట్లు, వెనక 60. అమెరికా దివ్యాంగుల చట్టం (ఏడీఏ) పట్టిక చూసి నాలుగు వేశాం. యజమాని అవీ ఎక్కువేనంటున్నారు, "ఎక్కడ చూసినా ఖాళీగానే ఉంటాయిగా" అని. ఎన్నయితే సరిపోతాయి? కింద ఫిజియోథెరపీ సెంటర్ వస్తే లెక్క మారుతుందా?

కొలతబద్ద:
ఏడీఏ 2010 ప్రమాణాల ప్రకారమైతే నాలుగు కాదు, ఐదు. రెండు పార్కింగ్‌లనూ కలిపి లెక్కకట్టకూడదు, దేనికది విడిగా చూడాలి. మొత్తం స్లాట్లు 25 దాకా ఉంటే దివ్యాంగులకు 1, 50 దాకా 2, 75 దాకా 3, 100 దాకా 4. అంటే మీ 40కి రెండు, 60కి మూడు. చాలా ప్లాన్లు వెనక్కి వచ్చేది ఇక్కడే. ద్వారానికి దగ్గరవుతుందంటే ఐదింటినీ ముందువైపే పెట్టుకోవచ్చు, సంఖ్య మాత్రం తగ్గదు.

వీటిలో ప్రతి ఆరింటికీ ఒకటి వ్యాన్ స్లాట్, అంటే చక్రాల కుర్చీతో ఎక్కే వ్యాన్‌కు సరిపడేది. ఆరు లేకపోయినా ఒకటి తప్పదు కాబట్టి ముందొకటి, వెనకొకటి లెక్కన మీకు రెండు.

ఫిజియోథెరపీ వస్తే లెక్క బాగా మారుతుంది: ఆ సెంటర్ రోగులకు, వాళ్లతో వచ్చేవాళ్లకు ఇచ్చే స్లాట్లలో 20 శాతం. అలా 20 కేటాయిస్తే 4 వదలాలి.

ర్యాంపు_రూళ్లు:
ఖాళీగా ఉన్నాయంటే అక్కర్లేదనే కాదు, వాడుకోవడానికి వీల్లేకపోయినా ఖాళీగానే ఉంటాయి. స్లాట్ వెడల్పు 2440 మి.మీ. సరే, పక్కన చారలు గీసిన 1525 మి.మీ. ఖాళీ ఉందా? తలుపు పూర్తిగా తెరిచి, చక్రాల కుర్చీని సీటు పక్కకు చేర్చేది అక్కడే. అందులో బైకో, సరుకుల ట్రాలీయో పెడితే ఆ స్లాట్ లేనట్టే, కారెక్కాల్సిన మనిషి అక్కడే ఇరుక్కుపోతారు. వ్యాన్‌కైతే ఆ ఖాళీ 2440 ఉండాలి, లేదా స్లాటే 3350 చేసి పక్కన 1525 వదలాలి.

స్లాట్‌కైనా, ఆ ఖాళీకైనా వాలు 1:48 దాటకూడదు, అంటే 48 మి.మీ. పొడవుకు 1 మి.మీ.కి మించి దిగకూడదు. ఫుట్‌పాత్ ర్యాంపును ఈ ఖాళీలోకి దింపేస్తుంటారు, అది పెద్ద తప్పు: బ్రేకు వేయని కుర్చీ జారిపోతుంది. దివ్యాంగుల స్లాట్ అని చూపే బోర్డు అడుగు అంచు నేలకు కనీసం 1525 మి.మీ. ఎత్తున ఉండాలి, నేలమీది గుర్తు కారు కిందకి పోతుంది. సెల్లార్ అయితే వ్యాన్ దారంతా 2490 ఎత్తు కావాలి. దూలం కింద కొలిచి సరిపెట్టుకోకండి, తర్వాత వేలాడదీసే పైపుల కింద కొలవండి.

కొలతబద్ద:
నన్నడిగితే పట్టిక చెప్పేది కనీసం మాత్రమే. పెద్దవయసువాళ్లు ఎక్కువగా వచ్చే వ్యాపారానికి అది చాలదు. రద్దీ వేళల్లో అవన్నీ నిండిపోతుంటే పెంచాల్సిందే. అప్పుడు ఖర్చయ్యేది రంగు కాదు, నేల చదును. అందుకే ద్వారం దగ్గర ఇంకో మూడు మామూలు స్లాట్లను ఇప్పుడే 1:48 లోపు వాలుతో వేయించండి. ఒక్కోటి 2440 ఉంటే, మధ్యదాన్ని చారల ఖాళీగా మార్చి, గీతలు తిరగ్గీసి బోర్డులు నిలబెడితే అటూ ఇటూ రెండు వ్యాన్ స్లాట్లు వచ్చేస్తాయి.