మ్యాన్ పేజీ తెరిచాక బయటికి రావడం ఎలా?

ప్రశ్న (తిరుపతి):
నమస్కారం. బాలాజీ కాలనీలో మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగియడం, మా పాత కంప్యూటరు 11కు పనికిరాకపోవడంతో, తెలిసిన అబ్బాయి చేత డెబియన్ (ఉచిత లినక్స్ వ్యవస్థ) వేయించుకున్నాను. నిన్న సాయంత్రం ప్రాజెక్టు రిపోర్టుల కోసం విద్యార్థులు వరుసలో నిలబడి ఉండగా ప్రింటరు ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోయింది. ఆ అబ్బాయికి ఫోన్ చేస్తే, టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) ‘మ్యాన్ ఎల్‌పీ’ అని కొట్టి, ప్రింటు కమాండు ఎల్‌పీ మాన్యువల్ పేజీ చదువుకోమన్నాడు. కొడితే తెర నిండా ఇంగ్లీషు వచ్చింది; అందులోంచి బయటపడే దారి తెలియక చివరికి విండోనే మూసేశాను. ప్రింటరు సంగతి అటుంచి, ఈ వ్యవస్థలో తెలియనిది ఎలా వెతుక్కోవాలో దయచేసి చెప్పగలరా?

సమాధానం 1 (చిత్తూరు):
చిన్న క్యూ అక్షరం నొక్కితే బయటికి వస్తారు. మొదటి వారమంతా నేను కూడా విండోలు మూసినవాణ్ణే, మొహమాటపడకండి.

మ్యాన్ అంటే మాన్యువల్. లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ వ్యవస్థ తొలి మాన్యువల్‌ను 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారుచేశారు. పని తెలిసినవారు మరచిపోయినది చూసుకోవడానికి వీలుగా అమర్చిన ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది కనుక, కొత్తవారికి అది కొరుకుడు పడదు. నిఘంటువును మొదటి పుట నుంచి ఎవరూ చదవరు కదా, దీన్నీ అలాగే వాడండి: ఏటవాలు గీత కొట్టి కావలసిన మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే అక్కడికే వెళుతుంది, ఎన్ నొక్కితే తర్వాతి చోటికి పోతుంది. పైన చదరపు బ్రాకెట్లలో కనిపించేవన్నీ ఐచ్ఛికాలు. ఎల్‌పీ పేజీ చివరన ఉదాహరణలు ఉంటాయి. నేనైతే ముందు అవే చూస్తాను.

కమాండు పేరే తెలియకపోతే ‘అప్రోపోస్ ప్రింటర్’ అని అడగండి. వచ్చే జాబితాలో పేరు పక్కన 1 ఉంటే మామూలు కమాండు, 5 ఉంటే ఫైలు అమరిక, 8 ఉంటే నిర్వాహకుడి పని అని అర్థం.

సమాధానం 2 (తిరుపతి):
పై సమాధానం బాగుంది, కానీ షాపు ముందు జనం నిలబడి ఉన్నప్పుడు మాన్యువల్ చదువుకోమనడం న్యాయం కాదు. ‘ఎల్‌పీస్టాట్’ తర్వాత ఖాళీ వదిలి, హైఫన్‌తో చిన్న పి కొట్టండి. ప్రింటరు పేరు పక్కన ‘డిసేబుల్డ్’ అని ఉంటే, ‘కప్స్‌ఎనేబుల్’ అని కొట్టి ఆ పేరు ఇవ్వండి. ఇది 8వ విభాగపు (నిర్వాహకుడి) కమాండు. డెబియన్‌లో మామూలు వాడుకరికి ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని రావచ్చు, అప్పుడు ముందు ‘సూడో’ (నిర్వాహకుడి అధికారంతో నడపమనే మాట) చేర్చండి. బ్రౌజరులో లోకల్‌హోస్ట్ 631వ పోర్టు (మీ కంప్యూటరులోనే ఉండే ప్రింటర్ల పేజీ) తెరిచినా ఇదే పని మౌసుతో అయిపోతుంది.

సమాధానం 3 (చిత్తూరు):
ఇకమీదట ఎవరిని అడిగినా, ‘ప్రింటరు ఆగిపోయింది’ అనడానికి బదులు తెరమీది సందేశాన్ని అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. టెర్మినల్‌లో కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సి మూడూ కలిపి నొక్కాలి; షిఫ్ట్ మరచిపోతే కాపీ కాకపోగా నడుస్తున్న పనే ఆగిపోతుంది. సందేశం తెలుగులో వస్తుంటే, కమాండుకు ముందు ‘ఎల్‌సీ_ఆల్=సి’ (ఎల్‌సీ, ఆల్, సి మూడూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే) చేర్చి మళ్లీ నడపండి, అప్పుడు ఇంగ్లీషులో వస్తుంది. ఇంగ్లీషు సందేశంతో వెతికితేనే జవాబులు దొరుకుతాయి, అది మన దురదృష్టం.

ప్రశ్న అడిగినవారు:
ఎల్‌పీస్టాట్‌లో ‘డిసేబుల్డ్’ అనే ఉంది. కాగితం ఇరుక్కున్న వేళ నుంచే ఆగిందని కూడా చూపించింది. సూడో చేర్చి కప్స్‌ఎనేబుల్ కొట్టగానే, నిన్న ఆగిన రిపోర్టులన్నీ ఒకదాని వెంట ఒకటి రావడం మొదలుపెట్టాయి, వాటిని తీసుకోవలసిన పిల్లలు మాత్రం వేరే షాపులో వేయించుకుని వెళ్లిపోయారు.