డ్రైవర్ లేని టాక్సీకి ఛార్జీ ఎందుకు ఎక్కువ?

మాగుంట లేఅవుట్ వాసి:
మా చెల్లెలు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. మొన్న డ్రైవర్ లేని టాక్సీ ఎక్కి వీడియో కాల్ చేసింది. ముందు సీటు ఖాళీ, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. ఇక్కడ మా అమ్మ 'దిగవే తల్లీ' అని ఒకటే అరుపులు! తీరా చూస్తే డ్రైవర్ ఉన్న కారు కంటే ఛార్జీ ఎక్కువంట. మనిషికి ఇచ్చే డబ్బు మిగిలినప్పుడు రేటు తగ్గాలి కదా? దోపిడీ కాదా ఇది?

ఒంగోలోడు:
దోపిడీ ఏముంది అన్నా, గిరాకీ ఉంది. ధరలు పోల్చి చూపే ఓబి అనే యాప్ వాళ్లు 2025 మార్చి, ఏప్రిల్‌లలో ఆ ఊళ్లో లెక్క తీశారు. సగటున డ్రైవర్ లేని వేమో 20.43 డాలర్లు, డ్రైవర్ ఉండే ఊబర్ 15.58, లిఫ్ట్ 14.44. ఐదు డాలర్లు ఎక్కువైనా జనం ఎక్కుతుంటే ఎవడు తగ్గిస్తాడు? పైగా డ్రైవర్ ఉంటే అక్కడ టిప్పు ఇస్తారు. మీ చెల్లెలు అది కలిపి చూసిందా?

మినీ బైపాస్:
అందరూ డ్రైవర్ కూలి మిగిలిందనే అంటారు. యాప్ టాక్సీలో చాలావరకు కారు డ్రైవర్‌దే. ఈఎంఐ, పెట్రోలు, పంక్చరు, చివరికి సీటు మీద ఎవరో కక్కితే కడుక్కోవడం కూడా అతని పనే. కంపెనీ కమీషన్ తీసుకుని కూర్చుంటుంది. డ్రైవర్‌ని తీసేస్తే ఆ ఖర్చంతా ఎవరి నెత్తిన పడుతుంది? దానికి తోడు లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే లైడార్లు, కెమెరాలు, కారు తికమక పడితే దూరం నుంచి దారి చెప్పే ఉద్యోగులు. జనరల్ మోటార్స్ వాళ్లు క్రూజ్ అనే తమ డ్రైవర్ లేని కార్ల కంపెనీ మీద వెయ్యి కోట్ల డాలర్లకు పైగా పోసి, 2024 డిసెంబర్‌లో రోబో టాక్సీలు మా వల్ల కాదన్నారు.

మాగుంట లేఅవుట్ వాసి:
మరి టెస్లా? 2025 జూన్‌లో అమెరికాలోనే ఆస్టిన్‌లో డ్రైవర్ లేని టాక్సీలు మొదలుపెట్టినప్పుడు ఎంత దూరమైనా 4.20 డాలర్లే అన్నారుగా.

మినీ బైపాస్:
కొత్త బట్టల షాపు మొదటి వారం రేటు అది. పక్క సీట్లో కంపెనీ మనిషిని కూడా కూర్చోబెట్టారు, ఆయన ఊరికే వచ్చాడా?

ఆర్టీసీ స్టాండ్ ఆటో:
పదిహేనేళ్లుగా నెల్లూరులో ఆటో తోలుతున్నాను సార్. గ్యాసు, ఫైనాన్సు పోను రోజుకి ఏడెనిమిది వందలు మిగిలితే పండగే. ఆ డబ్బు మిగుల్చుకోడానికి లక్షల రూపాయల యంత్రం పెడతారా? వానొస్తే రామలింగాపురం అండర్‌బ్రిడ్జిలో నీళ్లెంతున్నాయో ఎదురొచ్చే బండివాణ్ణి అడిగి దిగుతాం. అది ఎవర్ని అడుగుతుంది? మొన్న వేదాయపాళెంలో ఒక పెద్దమ్మ బియ్యం మూట మేడ మీదికి మోసిచ్చాను, పది రూపాయలు కూడా ఎక్కువ ఇవ్వలేదు లెండి.

ఒంగోలోడు:
నీకేం టెన్షన్ లేదు బాబాయ్. డ్రైవర్ లేని కార్లను మన దేశంలోకి రానివ్వనని కేంద్ర రోడ్ల మంత్రి గడ్కరీ గారు 2023లోనే చెప్పారు.

మాగుంట లేఅవుట్ వాసి:
చెల్లెల్ని అడిగాను. టిప్పు కలిపితే తేడా రెండు డాలర్లేనంట. కాస్త ఎక్కువైనా రాత్రిపూట అదే ఎక్కుతానంది. తెలియని మనిషితో ఒంటరిగా కూర్చోనక్కర్లేదు, పాటలు తనకి నచ్చినవే పెట్టుకోవచ్చంట.

ఆర్టీసీ స్టాండ్ ఆటో:
పాటలు ఆపమంటే మేమూ ఆపుతాం సార్. ఎవరూ అడగరు, దిగాక రేటింగ్ తగ్గిస్తారు.