ఇంజనీరింగ్ కాలేజీని ఎంచుకునేటప్పుడు చదువు భారాన్ని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న – దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి

మా అమ్మాయి ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లకు సిద్ధమవుతోంది. రెండేళ్లపాటు ఉదయం ఆరింటి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పది దాకా సాగిన చదువుతో తను బాగా నలిగిపోయింది. చిన్నప్పటినుంచి నేర్చుకుంటున్న వీణ కూడా అటకెక్కింది. ఇప్పుడు మేము రెండు కాలేజీల మధ్య ఊగిసలాడుతున్నాము. మేడ్చల్ వైపున్నదానికి ప్లేస్‌మెంట్లలో మంచి పేరుంది గానీ, అక్కడ చదివిన మా బంధువుల అబ్బాయి ఊపిరి తీసుకోనివ్వరని చెప్పాడు. ఇబ్రహీంపట్నం వైపున్నది మాకు దగ్గర, కానీ అంత పేరు లేదు. రెండూ జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే) కాలేజీలే. ఫీజుల గురించి, ప్యాకేజీల గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, పిల్ల వారానికి ఎన్ని గంటలు పనిచేయాల్సి వస్తుందో చెప్పినవారు ఒక్కరూ లేరు. భారాన్ని చూసి కాలేజీని ఎంచుకోవడం పొరపాటవుతుందా?

జవాబు 1 – ఒక అటానమస్ కాలేజీ అధ్యాపకురాలు

పొరపాటు కాదండీ, అందరూ అడగవలసిన ప్రశ్న ఇది. బీటెక్‌కు నాలుగేళ్లలో దాదాపు 160 క్రెడిట్లు (చదువు బరువును కొలిచే యూనిట్లు), అంటే సెమిస్టర్‌కు సగటున దాదాపు 20. వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్ అనుకుంటే, 16 క్రెడిట్ల థియరీకీ 4 క్రెడిట్ల ల్యాబులకూ కలిపి వారానికి 24 గంటలు సరిపోతాయి. రోజుకు ఆరు గంటల చొప్పున ఆరు రోజులు నడిపే కాలేజీలో టైమ్‌టేబుల్ మాత్రం 36 గంటలు ఉంటుంది. మిగిలిన ఆ 12 గంటలను దేనితో నింపుతున్నారన్నదే కాలేజీకీ కాలేజీకీ ఉన్న అసలు తేడా. కొన్నిచోట్ల లైబ్రరీ, ఆటలు ఉంటాయి. కొన్నిచోట్ల మొదటి ఏడాదినుంచే ప్లేస్‌మెంట్ శిక్షణ, స్లిప్ టెస్టులు ఉంటాయి.

అందుకని మీరు కాలేజీకి వెళ్లినప్పుడు రెండో సంవత్సరం టైమ్‌టేబుల్ చూపించమని అడగండి, ఎందుకంటే బ్రాంచి సబ్జెక్టుల బరువు అక్కడే తెలుస్తుంది. అకడమిక్ క్యాలెండర్‌లో మిడ్ పరీక్షలకూ సెమిస్టర్ పరీక్షలకూ మధ్య ఎన్ని రోజుల ఎడం ఉందో కూడా చూడండి. జేఎన్‌టీయూ 2018 నాటి నిబంధనల్లో ఒక సబ్జెక్టుకు ఉండే వంద మార్కుల్లో ఇంటర్నల్స్‌కు (సెమిస్టర్ నడుస్తుండగా కాలేజీలోనే వేసే మార్కులకు) 25 ఉండేవి. 2022 నాటి నిబంధనల్లో అవి 40 అయ్యాయి. చివరి నెలలో కూర్చుని చదివి గట్టెక్కే పద్ధతి దీనితో తగ్గింది గానీ, సెమిస్టర్ పొడవునా ఏదో ఒక గడువు తరుముతూనే ఉంటుంది. హాజరు 75 శాతం తప్పనిసరి; 65 శాతానికి తగ్గకపోతే, సరైన కారణం చూపి కండొనేషన్ ఫీజు (హాజరు లోటును మన్నించడానికి తీసుకునే రుసుము) కట్టి బయటపడవచ్చు. ఒంట్లో బాగోలేని పిల్లలకు ఇది కూడా భారమే.

జవాబు 2 – ఫైనలియర్ విద్యార్థి

ఆంటీ, ప్రయాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. మా ఇల్లు ఉప్పల్‌లో, కాలేజీ నగరానికి అవతలి చివర. కాలేజీ బస్సులో రానూ పోనూ మూడున్నర గంటలు, అంటే వారానికి 21 గంటలు, పట్టేది. పైన మేడమ్ చెప్పిన 24 గంటల పాఠాలకు ఇది దాదాపు సమానం. రెండో ఏడాది హాస్టల్‌కు మారాకే నాకు సాయంత్రాలు మిగిలాయి.

పనిలో కూడా రెండు రకాలు ఉంటాయి. వారం వారం ఇచ్చిన ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు నన్ను ఏడిపించినా, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో నన్ను నిలబెట్టినవి అవే. ల్యాబ్‌లో అబ్జర్వేషన్ పుస్తకంలో రాసినదాన్నే మళ్లీ రికార్డు పుస్తకంలోకి ఎక్కించడానికి పోయిన రాత్రుల వల్ల మాత్రం నాకు ఏమీ రాలేదు. సీనియర్లను కలిసినప్పుడు, ఎంత కష్టం అని కాకుండా, ఆ కష్టంలో దేనివల్ల ఏం నేర్చుకున్నారని అడగండి.

జవాబు 3 – ఒక తండ్రి, సైనిక్‌పురి

టైమ్‌టేబుల్ ఖాళీగా ఉన్నంత మాత్రాన భారం తక్కువని అనుకోకండి. మా అబ్బాయి శామీర్‌పేట దగ్గరున్న బిట్స్ క్యాంపస్‌లో చదివాడు. అక్కడ హాజరు తప్పనిసరి కాదు. కానీ మార్కులను తరగతి సగటుతో పోల్చి గ్రేడ్ ఇస్తారు కాబట్టి, క్లాసుకు వెళ్లని రోజున కూడా వాడు గదిలో కూర్చుని చదువుకునేవాడు. మీ అమ్మాయి స్వభావాన్ని బట్టి చూడండి. ఎవరో ఒకరు వెంటపడి చదివిస్తే కుదుటపడే పిల్లలున్నారు, వదిలేస్తే వికసించే పిల్లలూ ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మేడ్చల్ వైపు కాలేజీకి రానూ పోనూ పట్టే సమయం లెక్కవేస్తే వారానికి 20 గంటలు దాటింది. హాస్టల్‌లో ఉంటావా అని అమ్మాయిని అడిగితే, వీణ తీసుకెళ్లనిస్తారా అని ఎదురు ప్రశ్న వేసింది. శుక్రవారం రెండు కాలేజీలకూ వెళ్తున్నాము. రెండో సంవత్సరం టైమ్‌టేబుళ్లు తెచ్చుకున్నాక మళ్లీ రాస్తాను.