తూర్పు ఇటాలియన్ సరే, ఏ ఊరి ఇటాలియన్?

ఆగస్టు 29 వస్తే చాలు, మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒక మాట తిరుగుతుంది కదా, "తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అని. రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి అలా అన్నారట. 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్ళిన వెనిస్ వైపు వర్తకుడు నికొలో కోంటీ పేరు మీద ఈ మాట చెలామణి అవుతోంది.

నేనూ దీన్ని నమ్మినవాణ్ణే. ఆ ధైర్యంతోనే కాస్త ఇటాలియన్ నేర్చుకుని మిలాన్ పక్కన ఒక చిన్న ఊళ్ళో అద్దెకు దిగాను. క్లాసులో పిల్లి అంటే గత్తో, ద్రాక్షసారా వీనో, రొట్టె పానె, రాత్రి నొత్తె, అన్నీ చక్కగా అజంతాలు, అంటే అచ్చుతో ముగిసేవే. ఇంటికొచ్చేసరికి ఓనరు ముసలావిడ పక్కింటావిడతో గత్, వీన్, పాన్, నొత్ అంటోంది. ఎవరో కత్తెర పట్టుకుని అచ్చులన్నీ కత్తిరించేసినట్టు! లూనా (చంద్రుడు) లాంటి మాటల్లో చివరి 'అ' ఒక్కటే బతికింది.

తర్వాత తెలిసింది, భాషా పండితులు ఇటలీ పటం మీద పడమటి తీరంలోని లా స్పెత్సియా నుంచి తూర్పు తీరంలోని రిమినీ దాకా అడ్డంగా ఒక గీత గీస్తారని. ఆ గీతకు ఉత్తరాన చాలాచోట్ల చివరి అచ్చులు రాలిపోతాయి, ద్విత్వాలు కూడా సన్నబడతాయి. కోంటీ పుట్టిన వెనిస్ వైపు అచ్చులు ఎక్కువే మిగిలాయి గానీ అక్కడా రొట్టె పాన్, చెయ్యి మాన్. దక్షిణాన నేపుల్స్‌లో ఇంకో వింత. చివరి అచ్చు ఉంటుంది కానీ అన్నీ కలిసి ఒకే గొణుగుడు అయిపోతాయి. మరి ఏకవచనం, బహువచనం ఎలా తెలుస్తాయి? మాట మధ్యలో తెలుస్తాయి. నెల అంటే 'మేస్', నెలలు అంటే 'మీస్', ఆ చివర సగం మింగిన అచ్చు ఒకటి. ఒకప్పుడు చివర ఉన్న 'ఇ', లోపలి 'ఏ'ని 'ఈ'గా లాగేసి తను చల్లగా జారుకుంది. మన మనిషి 'మనుషులు' అయినప్పుడు వెనకొచ్చే 'ఉ' ముందున్న 'ని'ని 'ను' చేస్తుంది చూడండి, దాదాపు అలాంటిదే. మనవాళ్ళు 'లు'ని మింగేసి 'మనుష్' అని ఆపేసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇక సిసిలీ. అక్కడ మాట చివర అచ్చు గట్టిగా నిలబడుతుంది, అదీ మూడే రకాలు: అ, ఇ, ఉ. వీను, పాని, నొత్తి, తోడేలుకి లూపు. వింటుంటే మన ఉకారాంతాలు గుర్తుకురావా? అందుకే నా వాదన, పొగుడుకోవాలంటే "తూర్పు సిసిలియన్" అని పొగుడుకోండి.

జవాబు 1: బాగుంది అన్నా. అంటే ఇవి మన తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాల్లాంటివేగా?

నేను: కాదు తమ్ముడూ, అందరూ జారేది ఇక్కడే. మన మాండలికాలన్నీ తెలుగులోవే. ఇటలీలో 'దియాలెత్తో' (మాండలికం) అనేవి చాలావరకు ఇటాలియన్లోంచి పుట్టినవి కావు, ఇటాలియన్‌తో పాటు లాటిన్లోంచి విడివిడిగా పుట్టినవి. అంటే పిల్లలు కాదు, తోబుట్టువులు. మహాకవి దాంతే 1300ల మొదట్లోనే 14 రకాలు లెక్కపెట్టి, రోమ్ వాళ్ళ మాటని అన్నిటికన్నా వికారమైనదని తిట్టి, తన సొంత ఫ్లోరెన్స్ మాటని కూడా పనికిరాదన్నాడు. చివరికి ఆయన కావ్యం వల్లే ఫ్లోరెన్స్ మాట గెలిచింది, అది వేరే తమాషా. 1525లో బెంబో అనే పండితుడు, ఈయనా వెనిస్ మనిషే, 14వ శతాబ్దపు ఫ్లోరెన్స్ కవుల భాషలోనే రాయాలని తేల్చాడు. 1612లో క్రూస్కా అకాడమీ అనే ఫ్లోరెన్స్ భాషా సంస్థ నిఘంటువు వేసింది. ఇదంతా పుస్తకాల్లో. 1861లో దేశం ఒక్కటయ్యే నాటికి ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్ళు నూటికి రెండున్నర మంది అని భాషావేత్త తుల్లియో దె మౌరో లెక్క, కాదు పది దాకా ఉంటారని కాస్తెల్లాని అనే ఇంకో భాషావేత్త లెక్క. ఏది తీసుకున్నా మిగతా జనానికి అది పరాయి భాషే. బడి, సైన్యం, వలసలు, 1954లో మొదలైన టీవీ కలిసి దాన్ని ఇంటింటికీ చేర్చాయి. 1999లో 482వ నంబరు చట్టం 12 మైనారిటీ భాషలకు రక్షణ ఇచ్చింది, సార్డీనియన్, ఫ్రియులియన్ అందులో ఉన్నాయి, నేపుల్స్, సిసిలీ, వెనిస్ మాటలు లేవు. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది.

జవాబు 2: నేను బళ్ళో తెలుగు చెబుతాను. సిసిలీలో మన 'డ' కూడా ఉందని ఎక్కడో విన్నాను, నిజమేనాండీ?

నేను: నిజమేనండి, మాస్టారూ! లాటిన్ 'ల్ల' అక్కడ నాలుక మడిచి పలికే 'డ్డ' అయింది. ఇటాలియన్లో అందగత్తె 'బెల్లా', సిసిలీలో 'బెడ్డా'. అక్కడ ముద్దుగా పిలిచే మాట మనకి మట్టిబెడ్డ :) రోమన్ లిపిలో ఆ శబ్దానికి అక్షరం లేక పండితులు డి కింద చుక్క పెట్టి తంటాలు పడతారు, మనం హాయిగా రాసేస్తాం.

ప్రాస ఇష్టమైనవాళ్ళకి ఇంకోటి. 13వ శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి ఆస్థానంలో కవులు సిసిలీ మాటలో పద్యాలు రాశారు, సానెట్ (14 పాదాల పద్యం) పుట్టింది అక్కడే. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతపు లేఖకులు వాటిని ఎత్తి రాసుకుంటూ అచ్చుల్ని తమ యాసకి మార్చేశారు. 'అవీరి', 'సెర్వీరి' అని ముచ్చటగా కుదిరిన అంత్యప్రాస 'అవేరె', 'సెర్వీరె' అయి చెడింది. తర్వాతి కవులు ఆ చెడినదాన్నే "సిసిలీ ప్రాస" అని పేరుపెట్టి, చెల్లుతుందని వాడుకున్నారు! మన తాళపత్రాల పాఠాంతరాలతో కుస్తీ పట్టినవాళ్ళకి ఇది కొత్తేం కాదనుకోండి.

జవాబు 3: ఈ కాలం కుర్రాళ్ళు అందరూ ఒకే ఇటాలియన్ మాట్లాడతారు కదా బ్రో, ఇంకా ఈ తేడాలు ఎక్కడున్నాయి?

నేను: కూరల మార్కెట్లో ఉన్నాయి బ్రో. పుచ్చకాయ ఉత్తరాన అంగూరియా, టస్కనీ, రోమ్ వైపు కొకొమెరో, నేపుల్స్‌లో మెల్లోనె. ఇవి పాత సోదర భాషలు ఇటాలియన్లోకి వదిలిపోయిన ముద్రలు. రూఎగ్ అనే స్విస్ పరిశోధకుడు 1956లో అచ్చైన తన పరిశోధన కోసం 242 విషయాలకు ఊరూరి మాటలు అడిగితే, అందరూ ఒకే మాట చెప్పింది ఒక్కదానికే. బార్లో తాగే చిక్కటి కాఫీకి, ఎస్ప్రెస్సో. అంతకుముందు 1928 నుంచి 1940 దాకా యాబెర్గ్, యూద్ అనే ఇద్దరు వేసిన 8 సంపుటాల పటాల్లో మాటలతో పాటు వస్తువుల్నీ పట్టించుకున్నారు, నాగలి ఎలా ఉంటుంది, దాని ఏ భాగాన్ని ఏమంటారు అని. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాల మాండలిక కోశం తెచ్చారు కదా, ఆ పని చూసినవాళ్ళకి ఈ పద్ధతి సులువుగా అర్థమవుతుంది.

మొన్న ముసలావిడకి పుచ్చకాయ తెచ్చిచ్చి, తెలివి చూపిద్దామని "కొకొమెరో" అన్నాను. "అంగూరియా" అని దిద్దింది. మా నిజామాబాద్‌లో తర్బూజ అంటాం, మా అత్తగారి గుంటూర్లో పుచ్చకాయ అంటారు అని చెబితే, "మరి నీకు ఏది కరెక్టు?" అని అడిగింది. ఇంట్లో ఎవరున్నారన్నదాన్ని బట్టి అన్నాను.