ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోని రిసీవర్లకు (పాస్‌లు అందుకునే ఆటగాళ్లకు) డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? తెలిసినవారు చెప్పగలరా?

చదువు కోసం కొలంబస్ వచ్చాక నాకు కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. 2025 జనవరి 20న నోటర్ డామ్ విశ్వవిద్యాలయ జట్టుతో మన జట్టు ఆడిన జాతీయ ఫైనల్ చూస్తున్నాం. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకా 11 గజాలు కావాలి. మన రిసీవర్ జెరమయా స్మిత్ డిఫెండర్‌ను దాటి దూసుకెళ్లి 56 గజాల పాస్ అందుకున్నాడు. ఒళ్లు పులకరించింది! చివరికి 34-23తో గెలిచాం.

2022 నుంచి 2025 వరకు ఏటా డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియ) తొలి రౌండ్‌లో మన రిసీవర్ ఉన్నాడు, మొత్తం ఐదుగురు. ఈ వరుస తెగిపోకూడదన్నదే నా బెంగ. ఎందుకంటే 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, మంచి కుర్రాళ్లు ఎక్కువ డబ్బిచ్చే చోటికి వెళ్లిపోవచ్చు. తొలి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు, అదీ అన్ని క్రీడలకూ కలిపి.

నా సందేహం ఇది: ఈ సొమ్ము టికెట్లు, టీవీ ఆదాయం నుంచే వస్తే, మన జట్టు వాడే వుడీ హేస్ సాధన కేంద్రం వంటి వసతుల ఖర్చుకు కోత పడుతుందా? కుర్రాళ్లు ఇప్పుడు వసతులు చూసి చేరుతున్నారా, చెల్లింపు చూసా? ప్రభుత్వ విశ్వవిద్యాలయం కదా, వార్షిక లెక్కల్లో ఏ పద్దు చూడాలో చెప్పండి, ఓపికగా చదువుకుంటాను.