సౌదీలో ఐసీయూ నర్సుని, జర్మనీ వెళ్తే మళ్లీ హెల్పర్‌గా మొదలుపెట్టాలా?

హన్మకొండ_స్టాఫ్‌నర్స్:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ పక్కన హసన్‌పర్తి. నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం అయ్యాక వరంగల్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నాళ్లు చేసి, సౌదీలో నర్సుగా చేయడానికి కావాల్సిన ప్రొమెట్రిక్ పరీక్ష పాసై రియాద్ వచ్చాను. ఎనిమిదేళ్లు దాటింది. మొదటి నుంచీ ఐసీయూలోనే ఉన్నాను, ఇప్పుడు నా షిఫ్ట్‌కి ఇన్‌చార్జిని కూడా. వయసు ముప్పై ఎనిమిది. మా ఆయనకు హన్మకొండలో మొబైల్ రిపేర్ షాపు ఉంది, పాప ఆరో తరగతి, అత్తమ్మ దగ్గర పెరుగుతోంది. ఇక్కడి జీతంతోనే ఇల్లు కట్టాం, ఇద్దరు ఆడబిడ్డల పెళ్లిళ్లు చేశాం.

ఇప్పుడు జర్మనీలో ఒక ఆసుపత్రి వాళ్లు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ చేసి తీసుకుంటామన్నారు. డ్యూటీ అయ్యాక క్లాసులు వింటూ జర్మన్ భాషలో బీ1 స్థాయి పాసయ్యాను. కానీ ఆఫర్ లెటర్‌లో, నా చదువుకు అక్కడ గుర్తింపు వచ్చేదాకా హెల్పర్ హోదా, హెల్పర్ జీతం అని రాసి ఉంది. ఇక్కడ నైట్ డ్యూటీలో వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్ బీపీ పడిపోతే డాక్టర్ వచ్చేలోపు ఏం సిద్ధం చేయాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటిది ఈ వయసులో మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. అలాగని ఇక్కడే ఉందామా అంటే, ఎన్నేళ్లు చేసినా ఒక ఏడాది కాంట్రాక్టు పొడిగించకపోతే, అకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రెన్యువల్ కాకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే కదా.

బాపు "ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె అయితది బిడ్డా" అంటాడు. అత్తమ్మ ఇక ఇంటికి వచ్చెయ్యమంటుంది. మా ఆయన నీ ఇష్టం అంటాడు, అదే ఎక్కువ టెన్షన్. వచ్చేస్తే వరంగల్‌లో నర్సులకిచ్చే జీతం ఎంతో మీకు తెలియంది కాదు. పైగా మధ్యలో ఉన్న ఏజెన్సీ ప్రాసెసింగ్ అని మూడున్నర లక్షలు అడుగుతోంది. ఒక దేశంలో కుదురుకున్నాక ఇంకో దేశం వెళ్లి నిలదొక్కుకున్న ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వెనకటి అనుభవానికి అక్కడ విలువ ఉంటుందా? పాపను తీసుకుపోవచ్చా?

కరీంనగర్_టు_కొలోన్:

చెల్లె, మాది కరీంనగర్. కువైట్‌లో నర్సుగా చేసి అక్కడి నుంచే జర్మనీ వచ్చాను, ఇప్పుడు కొలోన్ దగ్గర ఉంటున్నాను. ఉన్నదున్నట్టు చెప్తాను. వెళ్లు. కానీ డబ్బు కట్టి మాత్రం వెళ్లకు, కాగితాలు చేతికి రాకుండా రియాద్ వదలకు.

హెల్పర్ హోదా నీ చదువు తక్కువని కాదు, యూరప్ బయటి నుంచి వచ్చిన మనలాంటి నర్సులు చాలామంది దాటేదే. ఇక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో అధికార సంస్థ ఉంటుంది, వాళ్లు నీ సిలబస్‌లో థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అని తమ దానితో పోల్చి, ఏమేం తక్కువో రాసి ఒక లెటర్ ఇస్తారు. ఆ తర్వాత కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష రాయొచ్చు, లేదా ఆసుపత్రిలోనే ట్రైనింగ్ పూర్తి చేయొచ్చు. పరీక్షలో ప్రాక్టికల్, ఓరల్ రెండూ ఉంటాయి, పోతే ఇంకోసారి అవకాశం ఇస్తారు. దాంతోపాటు చాలా రాష్ట్రాల్లో భాషలో దాని పై స్థాయి బీ2 కావాలి. బీ1కీ బీ2కీ మధ్య చాలా దూరం ఉంది, కాబట్టి వచ్చాక చదువుకుందాం అనుకోకుండా అక్కడే మొదలుపెట్టు. డ్యూటీ చేసి ఇంటికొచ్చి పుస్తకం పట్టుకోవడం ఎంత కష్టమో నీకు ఇప్పటికే తెలుసు.

అనుభవం సంగతి. నీ ఉద్యోగ అనుభవాన్ని వాళ్లు లెక్కలోకి తీసుకోవాలి, తక్కువైన గంటలను అది కొంత పూడుస్తుంది కూడా. కానీ "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అని రెండు లైన్ల సర్టిఫికెట్ ఇస్తే ఎందుకూ పనికిరాదు. ఏ యూనిట్, ఎన్ని బెడ్లు, ఎలాంటి పేషెంట్లు, వారానికి ఎన్ని గంటలు, నువ్వు ఏం చేసేదానివి, ఇవన్నీ రాయించి, నర్సింగ్ డైరెక్టర్ సంతకం, స్టాంపు వేయించుకో. సౌదీ పోలీస్ క్లియరెన్స్ కూడా అక్కడ ఉండగానే తీసుకో, ఎగ్జిట్ అయ్యాక దానికోసం తిరగడం నరకం. వరంగల్‌లో నువ్వు చదివిన స్కూల్‌కి మీ ఆయనను పంపి, గంటల వివరాలతో ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించు. 2014కు ముందు చదివావంటే కాగితాలన్నీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఉంటాయి, నీ రిజిస్ట్రేషన్ తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో ఉందో లేదో, రెన్యువల్ అయిందో లేదో ముందే చూసుకో. పాస్‌పోర్టులో పేరు, మార్కుల మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించు, ఇంటిపేరు ముందు ఉందా వెనక ఉందా అన్నదానికి కూడా ఇక్కడ ఫైలు ఆపేస్తారు.

ఇక అసలు కష్టం జీతంలో లేదు, పని తీరులో ఉంది. మన దగ్గర పేషెంట్‌ను తుడవడం, తినిపించడం ఆయమ్మలో, ఇంటివాళ్లో చూసుకుంటారు. ఇక్కడ అది నర్సు పనే. పొద్దున షిఫ్ట్‌లో గోరువెచ్చని నీళ్లు, రెండు టవళ్లు పట్టుకుని మంచం మంచం దగ్గరికి వెళ్లి ముఖం, చంకలు, వీపు తుడవాలి, పళ్ల సెట్టు కడిగి చేతికివ్వాలి, కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడగాలి, చేతులు వణికే ముసలాయనకు బ్రెడ్ మీద వెన్న రాసి ముక్కలు చేసి పెట్టాలి. సెలైన్ ఎక్కించే సూది, అదే కాన్యులా, పెట్టడం చాలా వార్డుల్లో డాక్టర్ పని. మన వాళ్లు చాలామంది ఇక్కడే కుంగిపోతారు, నేను చదివింది ఇందుకా అని ఏడుస్తారు. నేనైతే ఆ పని చిన్నదని ఒప్పుకోను. వీపు తుడిచేటప్పుడే తెలుస్తుంది నడుము కింద చర్మం ఎర్రబడుతోందని, నిన్నటికన్నా ఇవాళ మనిషి మాట ముద్దగా వస్తోందని. ఐసీయూలో నువ్వు సంపాదించిన చూపు అక్కడ బాగా పనికొస్తుంది.

భయపెట్టేది వార్డు ఫోన్. ఎదురుగా ఉన్న మనిషి మాట ముఖం చూసి సగం పట్టుకోవచ్చు, ఫోన్‌లో ల్యాబ్ వాళ్లు గబగబా యాసలో చెప్పే పొటాషియం విలువ పట్టుకోవడం వేరు. ప్రతిసారీ తిరిగి చదివి వినిపించి, అవునా అని అడిగి రాసుకో, ఎవరేమనుకున్నా సరే. రెండు మూడు నెలలకు చెవి అలవాటు పడుతుంది.

నిజామాబాద్_అన్న:

చెల్లెమ్మా, మూడున్నర లక్షల మాట దగ్గర ఆగు. మన దేశ నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంట్ అభ్యర్థి దగ్గర తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అది కూడా రసీదుతో. ఏజెంట్‌కు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. జర్మనీ నర్సుల విషయంలో అయితే ఆ కొద్ది కూడా నువ్వు కట్టక్కర్లేదు, ఖర్చు ఆసుపత్రే పెట్టుకోవాలన్న పద్ధతి మీద అక్కడి ప్రభుత్వం ఏజెన్సీలకు 'ఫెయిర్ రిక్రూట్‌మెంట్ హెల్త్‌కేర్ జర్మనీ' అని నాణ్యత ముద్ర ఇస్తోంది. మీ ఏజెన్సీకి అది ఉందా అని అడుగు. నీళ్లు నమిలారంటే నేరుగా ఆసుపత్రి హెచ్‌ఆర్‌కే మెయిల్ పెట్టు, మీ తరఫున నా దగ్గర డబ్బు అడుగుతున్నారు, మీకు తెలుసా అని. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను కూడా ఒకసారి కనుక్కో. అప్పు చేసి విమానం ఎక్కినవాళ్లు మా జిల్లాలో ఎన్ని కష్టాలు పడ్డారో కళ్లారా చూశాను, మూడు రూపాయల వడ్డీ మనిషిని నిద్రపోనివ్వదు.

మంచిర్యాల_లీడ్స్:

నేను యూకేలో నర్సుని, మస్కట్ నుంచి వచ్చాను. జర్మన్ భయమైతే ఇటు ఆలోచించొచ్చు అక్కా, ముందు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ, తర్వాత కంప్యూటర్ మీద రాసే సీబీటీ, వచ్చాక ప్రాక్టికల్ పరీక్ష ఓఎస్‌సీఈ. ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్‌కు 6.5, మిగతా మూడింటిలో 7 కావాలి. ఓఎస్‌సీఈ అయ్యేదాకా ఇక్కడ కూడా తక్కువ జీతం బ్యాండ్‌లోనే ఉంచుతారు, కాబట్టి మొదటి మెట్టు ఎక్కడైనా తప్పదు. కాకపోతే ఇక్కడ రూల్స్ మారుతున్నాయి. కేర్ వర్కర్ వీసా మీద బయటి దేశాల నుంచి తీసుకోవడం 2025 జూలైలో ఆపేశారు, శాశ్వత నివాసానికి ఐదేళ్లు ఉన్నది పదేళ్లు చేస్తామని అదే ఏడాది ప్రభుత్వం ప్రకటించింది. చేతిలో బీ1, ఆఫర్ రెండూ ఉన్నప్పుడు నేనైతే జర్మనీయే అంటాను. కేర్ వర్కర్ వీసా ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసెయ్.

జగిత్యాల_పెద్దమ్మ:

మా మేనకోడలు టైపు చేస్తోంది, చెప్పేది నేను. బిడ్డా, నేను నీలా చదువుకున్నదాన్ని కాదు. బీడీలు చుట్టేదాన్ని, చాటలో ఆకు వేసుకుని పొద్దంతా కూర్చున్నా వచ్చేది పిల్లల బియ్యానికే సరిపోయేది కాదు. అప్పట్లో కువైట్‌కు ఇంటిపనికి పోయాను. పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గరే ఉండేది, శుక్రవారం కూడా సెలవు లేదు. 2015లో అక్కడ ఇంటిపని వాళ్లకు చట్టం చేశారు, రోజుకు పన్నెండు గంటలు మించొద్దు, వారానికి ఒకరోజు సెలవు అని. మా కాలానికి అది లేదు. పిల్ల పెద్దమనిషి అయిందని ఫోన్‌లో విన్నాను, పంపమని సేటు భార్యను అడిగితే రంజాన్ అయ్యాక చూద్దాం అంది.

తర్వాత మస్కట్ పోయినప్పుడు మాత్రం నేను వేరే మనిషిని. అరబీ వచ్చు, ఏ పనికి ఎంత ఇస్తారో తెలుసు, జీతం నేనే మాట్లాడుకున్నాను, నెల నెలా ఇంటికి పంపాకే వంటింట్లోకి అడుగుపెడతానని చెప్పాను, వాళ్లు ఒప్పుకున్నారు. ఒక దేశంలో పడ్డ కష్టం ఇంకో దేశంలో నోరిస్తుంది. నువ్వు మొదటి మెట్టు అంటున్నావు, నాకు అది కొత్తగా అనిపించింది, నీ వెనక ఎనిమిదేళ్లు ఉన్నాయి కదా.

ఇంకొకటి. నా వీసా మీద పిల్లలను తెచ్చుకునే దారే లేదు. నీకు ఆ దారి ఉన్న దేశం పిలుస్తుంటే, మెట్టు గురించి ఆలోచించకు తల్లీ.

హన్మకొండ_స్టాఫ్‌నర్స్:

పెద్దమ్మా, మీరు చెప్పింది మా ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత పాప పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలో కనుక్కుంటానన్నాడు. అన్నా, ఏజెన్సీని ఆ ముద్ర గురించి అడిగాను, రేపు చెప్తామన్నారు. ఆసుపత్రికి కూడా మెయిల్ పెట్టాను.

కరీంనగర్ అక్కా, ఇంకో రెండు అడుగుతాను. నా కాంట్రాక్టు ఇంకా నాలుగు నెలలు ఉంది, వాళ్లు త్వరగా రమ్మంటే ఇప్పుడే రాజీనామా చేయొచ్చా? పాపకు పన్నెండు నిండబోతోంది, జర్మన్ పరీక్ష లేకుండా రానిస్తారా?

కరీంనగర్_టు_కొలోన్:

రాజీనామా చేయకు చెల్లె. సౌదీ లేబర్ లా ప్రకారం సర్వీసు ముగింపు డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి నెల జీతం. ఐదు నుంచి పదేళ్ల మధ్య నువ్వే రాజీనామా చేస్తే అందులో మూడింట రెండు వంతులే చేతికి వస్తాయి. కాంట్రాక్టు గడువు పూర్తయ్యేదాకా ఉండి, రెన్యువల్ వద్దని నోటీసు ఇస్తే మొత్తం వస్తుంది. ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో నీ కాంట్రాక్టులో చూసుకో. నాలుగు నెలలు పెద్ద విషయం కాదు, జర్మన్ వీసా పనికే అంత పడుతుంది. ఆ డబ్బు వచ్చిన కొత్తలో ఇంటి డిపాజిట్‌కు, సామాన్లకు అవసరపడుతుంది, ఇక్కడ అద్దె ఇంట్లో చాలాచోట్ల వంటగది ఖాళీ గోడలతో ఇస్తారు, పొయ్యి, సింకు కూడా మనమే పెట్టుకోవాలి. జీతంలో పన్ను, ఇన్సూరెన్స్ కలిపి మూడో వంతు దాకా కోత పడుతుంది, రియాద్ లెక్కతో ఇంటికి పంపే డబ్బు మాట ఇవ్వకు, ముందే ఇంట్లో చెప్పు.

పాప గురించి. పదహారేళ్ల లోపు పిల్లలకు భాషా పరీక్ష అడగరు. నీ ఆదాయం సరిపోవాలి, అందుకే చాలామంది గుర్తింపు వచ్చి నర్సు జీతం మొదలయ్యాకే పిల్లలను తెచ్చుకుంటారు. బడిలో మొదట జర్మన్ నేర్పే తరగతిలో కూర్చోబెడతారు. ఇప్పటి నుంచే రోజూ కాసేపు నేర్పించు, పిల్లలకు మనకన్నా త్వరగా వస్తుంది. గుర్తింపు పొందిన నర్సుగా మూడేళ్లు చేస్తే శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు, అప్పుడు ఎవరి కాంట్రాక్టు పొడిగింపు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. నీకు రియాద్‌లో ఉన్న భయం అదే కదా.

ఒక్కటి చూడు, ఆఫర్ లెటర్‌లో మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు తిరిగి కట్టాలన్న షరతు ఉంటుంది. ఎంత మొత్తం, ఎన్ని నెలల వరకు, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా లేదా అన్నవి అందులో ఉండాలి. ఆ పేజీ ఫోటో తీసి నాకు మెసేజ్‌లో పెట్టు, పేరు, నంబర్లు కనపడకుండా. ఆదివారం నాకు డ్యూటీ లేదు, చదివి చెప్తాను.