ముందే ఎంపిక చేసి ఉంచాలా, ఖాళీగా వదలాలా? మిర్చి నమోదు ఫారంపై చర్చ

అరండల్‌పేట కోడర్:
గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి సరుకు నమోదు ఫారం చేస్తున్నాను. 'ఏసీ', 'నాన్ ఏసీ', 'తాలు' అని మూడు రేడియో బటన్లు (ఒక్కటే ఎంచుకోగల గుండ్రటి బటన్లు) పెట్టాను. సీజన్‌లో సరుకు ఎక్కువగా నేరుగా పొలాల నుంచే వస్తుంది కాబట్టి 'నాన్ ఏసీ' ముందే ఎంపికై ఉంటుంది, గుమాస్తాకు ఒక నొక్కు మిగులుతుంది. యజమాని మాత్రం టిక్ గడులు పెట్టమంటున్నారు. మీరేమంటారు?

బ్రాడీపేట:
టిక్ గడులు వద్దండీ. చదరపు గడి కనిపిస్తే ఎన్నయినా పెట్టవచ్చనుకుంటారు. మూడు రేడియో బటన్లకూ కోడ్‌లో ఒకే 'నేమ్' (పేరు) ఇస్తే ఒకటి పడగానే అంతకుముందు పడినదాన్ని బ్రౌజరే తీసేస్తుంది. ఇంతకుమించి ఏం కావాలి?

పట్నంబజారు గుమాస్తా:
చిక్కు బటన్లలో లేదు బాబూ, ప్రశ్నలోనే ఉంది. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన సరుకు. తాలు అంటే రంగు పోయిన నాసి కాయ. కోల్డ్ స్టోరేజీ నుంచి కూడా తాలు వస్తుంది. అప్పుడు నేను ఏది నొక్కాలి? రెండు ప్రశ్నలుగా విడగొట్టండి: సరుకు ఎక్కడిది, కాయ ఎలాంటిది.

ఇక ముందే పెట్టిన 'నాన్ ఏసీ' సంగతి. రాత్రి లెక్క చూస్తే అన్నీ నాన్ ఏసీగానే కనిపిస్తాయి. గుమాస్తా చూసి వదిలాడా, చూడకుండా వదిలాడా, ఎవరు చెప్పగలరు? ధరలో తేడా వస్తే రైతుకు జవాబు చెప్పాల్సింది నేను, మీరు కాదు.

అరండల్‌పేట కోడర్:
రెండు ప్రశ్నల మాట ఒప్పుకుంటున్నాను. కానీ మార్చిలో టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చి పడుతుంటే ప్రతి లాటుకూ అదనపు నొక్కా?

బెంజ్ సర్కిల్:
మౌస్ వదిలేయండి. ట్యాబ్‌తో గుంపులోకి వెళ్లి స్పేస్ కొడితే మొదటిది పడుతుంది, బాణం మీటతో రెండోది. ఖాళీగా దాటకుండా కోడ్‌లో 'రిక్వైర్డ్' (తప్పనిసరి) అని పెట్టండి. తేజ, 334, 341, బాడిగ లాంటి మిర్చి రకాలకు మాత్రం కిందికి తెరుచుకునే జాబితాయే నయం.

పట్నంబజారు గుమాస్తా:
ఆ జాబితా తెరిచి వెతికేలోపు హమాలీ ఇంకో లాటు దించుతాడు. మా దుకాణంలో రోజూ తిరిగేవి ఐదారు రకాలే. వాటిని బటన్లుగా పరిచి, మిగతావి 'ఇతర రకం' కింద పెట్టండి.

అరండల్‌పేట కోడర్:
సరే. చెల్లింపు దగ్గర 'బ్యాంకు' మాత్రం ముందే ఎంపికై ఉంటుంది, అది తీయను.

పట్నంబజారు గుమాస్తా:
ఉంచుకోండి. నగదు పుచ్చుకున్న రైతు రసీదు మీద 'బ్యాంకు' అని పడిన రోజున మీ ఫోను నంబరే ఇస్తాను.